జానెడు పొయ్యి

“ఇందులో నా పేరెక్కడుందే అమ్మాయ్?” అన్నాడు ప్రోఖర్ తాత, ఊరి క్లబ్బులో పోటీకి పెట్టిన బొమ్మరిల్లు ముందు నిలబెట్టిన అట్టముక్క మీద వేలు పెట్టి.

ఫైనా గతుక్కుమంది. అట్ట మీద ఆమె చేతిరాతే ఉంది. ‘దుంగల ఇల్లు, సామానుతో సహా. అన్నీ నా చేతులతో చేసినవే. ఫైనా యెగోరొవ్నా.’

“మెల్లగా తాతా! న్యాయనిర్ణేతలు పక్క బల్ల దగ్గరే ఉన్నారు.”

“అరవట్లేదు, అడుగుతున్నా. పొయ్యి చేసింది నేను కాదూ?”

“నువ్వే. కాదన్నానా? కానీ ఇది ఒక్కరే చేసినవాటి విభాగం. నీ పేరు రాశానంటే నన్ను తీసి పక్కన పెడతారు. మొదటి బహుమతి వస్తే మన క్లబ్బు నుంచి ఈ ఇల్లు కొస్త్రమా పట్నంలో ప్రదర్శనకి వెళ్తుంది తాతా! రెండు చలికాలాలు కళ్లు పాడుచేసుకున్నాను దీని కోసం.”

అట్ట మీద రాసింది పూర్తిగా అబద్ధం కూడా కాదు. బెంచీలు ఫైనా చేసినవే. కిటికీ రెక్కల మీది నగిషీ ఆమె చెక్కిందే. మొగుడి పాత టోపీ కత్తిరించి గోరంత ఉన్ని బూట్లు కుట్టింది. ఇత్తడి గుండీలు అతికించి టీ నీళ్లు కాచే సమోవార్ చేసింది. పొయ్యి దగ్గరికొచ్చేసరికే చేతులెత్తేసింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అచ్చం రిఫ్రిజిరేటర్‌లాగే వచ్చింది. అప్పుడు పరుగెత్తుకెళ్లింది పొయ్యిల మేస్త్రీ ప్రోఖర్ తాత ఇంటికి, పేరు రాస్తానని ఒట్టేసి మరీ.

“ఈ ఊళ్లో అరవై పొయ్యిలు కట్టాను” అన్నాడు తాత. “చలికాలం వాటి పైనుండే వెచ్చటి అరుగు మీద పడుకుని హాయిగా గుర్రు పెడతారు గానీ, కట్టినవాడు ఒక్కడికీ గుర్తురాడు. చచ్చేలోపు ఒక్క పొయ్యి పక్కనైనా నా పేరు చూసుకుందామనుకున్నా.”

ఫైనాకి జాలేసింది. జాలి ఒకవైపు, కొస్త్రమా ఒకవైపు. కొస్త్రమా వైపే మొగ్గింది.

“రేపు నీకు క్యాబేజీ కూరిన పిరోగ్ కాల్చి పంపిస్తాగా!”

“పిరోగ్ సరే. పేరో?”

“అబ్బా తాతా, వాళ్లొచ్చేస్తున్నారు. కాస్త అటు జరుగు!”

తాత గొర్రెతోలు కోటు కాలరు ముక్కుదాకా లాక్కుని జనం వెనక్కి పోయి నిలబడ్డాడు.

న్యాయనిర్ణేతల పెద్ద కపితోలీనా అర్కాద్యెవ్నా భూతద్దం పట్టుకుని ఇంట్లోకి తొంగిచూసింది. ఆవిడ మెచ్చుకోవడం అరుదు, మెచ్చుకుంటే ఆగడం అరుదు.

“దిండ్ల దొంతర! ఉల్లిపాయల జడ కూడానా? వీటిని దేంతో చేశారమ్మా?”

“రొట్టె లోపలి మెత్తటి ముద్దతోనండి.”

“ఇక ఈ పొయ్యి! సున్నం పగుళ్లు, నోటి దగ్గర మసి... నలభై ఏళ్లు రొట్టెలు కాల్చిన పొయ్యిలా ఉంది. ఇదీ మీరే చేశారా?”

“అన్నీ నేనేనండి” అంది ఫైనా.

ఊఁ... ఊఁ... ఊఁ...

బొంగురుగా, దిగులుగా. అందరూ చెవులు రిక్కించారు.

“పొయ్యి ఊళ పెడుతోందర్రోయ్!” అని కేకేసింది పోస్టాఫీసు నెల్యా. “ఎవరో మేస్త్రీ ఉసురు పోసుకున్నారు!”

గొల్లుమన్నారంతా. పొయ్యి కట్టిన మేస్త్రీ మనసు కష్టపెడితే, పొగగొట్టంలో పగిలిన సీసా మెడ దాచి పోతాడని ఆ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. గాలి వీచినప్పుడల్లా ఇల్లంతా ఊళే. మేస్త్రీ కాళ్లావేళ్లా పడి తీయించుకోవాల్సిందే.

కపితోలీనా కళ్లద్దాల మీంచి చూసింది. “ఏ మేస్త్రీనమ్మా?”

“మేస్త్రీ లేడు, ఏం లేడండి. కిటికీలోంచి గాలి...”

“కిటికీలన్నీ బిగించి ఉన్నాయిగా!”

ఊఁ... ఊఁ... ఊఁ... ఈసారి ఇంకా గట్టిగా.

ఫైనా చెవులు బీట్‌రూట్ రంగుకి తిరిగాయి. “ప్రోఖర్ తాత! పొయ్యి ప్రోఖర్ తాత చేశాడు! మిగతావన్నీ నావే, ఒట్టు! పేరు రాస్తానని చెప్పి ఎగ్గొట్టాను!”

ఊళ టక్కున ఆగిపోయింది. చేజేతులా బహుమతి పోగొట్టుకున్నా, ఫైనాకి ప్రాణం తేలికపడింది.

“అయితే ఇది ఒక్కరి విభాగంలోకి రాదు” అంది కపితోలీనా. “జంటగా చేసినవాటిలో వేయాలి.”

ఫైనా తల వేలాడేసింది.

“జంటల్లో ఈ ఏడు ఒక్కరూ పేరివ్వలేదు. కాబట్టి మొదటి బహుమతి మీ ఇద్దరిదే. కొస్త్రమాకి ఇద్దరూ బయల్దేరండి. ముందా అట్ట మార్చండమ్మా!”

చప్పట్లతో క్లబ్బు దద్దరిల్లింది. కొత్త అట్ట మీద తన పేరు తాత నాలుగుసార్లు చదువుకున్నాడు. ఐదోసారి కళ్లు తుడుచుకుని చదివాడు. అది చూసి ఫైనాకి తన మీద తనకే సిగ్గేసింది. అతని చెయ్యి పట్టుకుని ఓ మూలకి లాక్కెళ్లింది.

“బుద్ధొచ్చింది తాతా. నీకు దణ్ణం పెడతా, కొస్త్రమా వెళ్లేలోపు పొగగొట్టంలోంచి ఆ సీసా మెడ తీసెయ్. అక్కడ కూడా కూసిందంటే పరువు పోతుంది.”

“పొగగొట్టమా? పిచ్చిదానా, దానికి బెజ్జమెక్కడిది? నిండు ఇటుకని చెక్కి చేశాను. పైన నల్లగా కనిపించేది మసి చుక్క.”

“మరి కూసిందేంటి?”

తాత అటూ ఇటూ చూసి, కాలరు మళ్లీ ముక్కుదాకా లాక్కుని, కోటు లోపలి జేబులోంచి ఖాళీ క్వాస్ పానీయం సీసా తీసి, పెదాల దగ్గర పెట్టుకుని మెల్లిగా ఊదాడు.