సంగటి తపేలా మూత

బెంగళూరులో పాత సామాన్లమ్మే గుజిరీ అంగళ్లలో మూడేళ్లు వెతికినా దొరకని వీల్ క్యాప్, చాకవేలులో కారుకు నీళ్లడుగుదామని ఆగిన ఇంట్లో కనిపించింది పురుషోత్తమ్‌కు. ఆ ఇంటామె లక్ష్మీదేవమ్మ సంగటి తపేలా మీద అది మూతగా ఉంది.

"అమ్మా, అది మా అంబాసిడర్ చక్రానిది. ఇప్పుడు యాడా దొరకదు. ఆదివారం పాత కార్ల పోటీ ఉండాది. ఇచ్చేయమ్మా."

"నా తపేలాకూ మూత యాడా దొరకలేదప్పా. సరిపోయేది తెచ్చిచ్చి, దీన్ని తీసుకొనిపో."

పురుషోత్తమ్ క్యాప్‌ను దారంతో కొలుచుకున్నాడు. ఆ దారం పట్టుకుని చింతామణిలో పాత్రల అంగళ్లన్నీ తిరిగాడు. శనివారం చిట్టచివరి అంగట్లో ఒక స్టీలు మూత దొరికింది. సరిపోతుందో లేదో చూద్దామంటే తపేలా లేదు. క్యాప్ లేని చక్రం మాత్రం ఎదురుగానే ఉంది. మూతను దానికి ఆనించి అరచేత్తో ఒక్కటి చరిచాడు.

టక్కున పట్టేసింది. స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించినా ఊడలేదు.

ఆ కారుతోనే చాకవేలు పోయి, ఆమె ఇంటి ముందు తల దించుకుని నిలబడ్డాడు. లక్ష్మీదేవమ్మ వంగి, చక్రాన్ని వేలితో తట్టి చూసింది.

"మూత బలే ఉండాదప్పా. దానికి కారెందుకు తగిలించుకొచ్చినావు?"