గోడ మీది తునికిపండ్లు

“ఊసెయ్! ముందు ఊసెయ్!” మధులత అరిచింది.

ఆరేళ్ల భాను బుగ్గ తడుముకున్నాడు.

“మింగిన మమ్మీ,” అన్నాడు ఎంతో వినయంగా.

“ఏంది మింగింది?”

“తునికిపండు. గోడ మీదికెల్లి కమ్లవ్వ ఇచ్చింది.”

మధులత గోడ వైపు చూసింది.

లోకం గాలి సోకకూడదనే పిల్లలిద్దరినీ బడి మాన్పించి, ఇల్లందులో తన ఇంటి వరండాలోనే చదివిస్తోంది. పొద్దున ప్రార్థన, తర్వాత ఎక్కాలు, సాయంత్రం బైబిలు వాక్యం కంఠస్థం. గేటుకు కొత్త గొళ్లెం కూడా పెట్టించింది. లోకమేమో గేటు జోలికి రాకుండా గోడ మీదుగా పండ్లు అందిస్తోంది!

కమ్లి పక్కింట్లోకి కొత్తగా కిరాయికి వచ్చిన ముసలామె. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా పచ్చబొట్లు, నెల తిరిగేసరికి భద్రాచలం ప్రయాణం.

మధులత గోడ దగ్గరికి నడిచింది.

“అవ్వా, మేం ప్రభువును నమ్ముకున్నోళ్లం. ప్రసాదాలు తినం.”

“అడవిల పండు బిడ్డా, ప్రసాదం గాదు.”

“ఏదైనా సరే. మా పిల్లలకు ఏం పెట్టకు.”

“అట్లనే తీ,” అని నవ్వింది కమ్లి.

కోపం రానివాళ్లతో పోట్లాడటం మహా కష్టం. మధులత గోడ పక్కనే దండెం కట్టి దుప్పట్లు ఆరేసింది. పిల్లలు దుప్పట్ల కింద నుంచి దూరిపోయారు.

అయినా ఎండాకాలం గడిచేసరికి ఇద్దరూ వాక్యాలు తడుముకోకుండా అప్పజెబుతున్నారు. దుప్పట్లు పనిచేశాయనుకుని మురిసిపోయింది.

తొలకరికి కమ్లి ఇల్లు ఖాళీ చేసి, కూతురి దగ్గరికి అశ్వారావుపేట బయలుదేరింది.

“పోయొస్త బిడ్డా,” అంది ఆటో ఎక్కుతూ.

మధులత వరండాలోంచే తలూపింది. పీడ విరగడైందనుకుంది. అలా అనుకున్నందుకు వెంటనే ప్రభువుకు క్షమాపణ చెప్పుకుంది.

ఆ వారంలోనే ఎదురింటి నిర్మలాదేవి గేటు దగ్గరికి వచ్చింది.

“బాబూ, వ్రతం చేసుకున్నాం. ప్రసాదం తీసుకో.”

మధులత వంటింట్లోంచి తొంగి చూసింది. భానుకు తీపంటే ప్రాణం.

“ప్రసాదమైతే మేం తినం ఆంటీ,” భాను నవ్వుతూ చేతులు జోడించాడు. “ఏమనుకోకుండ్రి. మీ పండగ మంచిగైందా?”

నిర్మలాదేవి ముచ్చటపడిపోయింది. “దేవుడి ముందు పెట్టని అరటిపండు ఉంది, తింటావా?”

“అక్కకు గూడ ఇస్తరా?”

మధులత కళ్లు చెమ్మగిల్లాయి. పరుగున వచ్చి కొడుకును హత్తుకుంది.

“ఇంత మంచిగ చెప్పుడు ఎవరు నేర్పిండ్రు నాన్నా?” తన పేరు వినాలని అడిగింది.

“కమ్లవ్వ.”

“ఏందీ?”

వాడి అక్క కెజియా అందుకుంది. “భద్రాచలం లడ్డు కోసం వీడు ఏడ్చిండు మమ్మీ. అవ్వ పెట్టలే. ‘మీ అమ్మ మాట దాటొద్దు. ఎవరన్న పెట్టనొస్తే నవ్వుకుంట చెప్పాలె, మొకం ముడుసుకోవద్దు’ అన్నది.”

“నువ్వొద్దన్నంక పండ్లు గూడ పెట్టలే,” భాను ఫిర్యాదు చేశాడు. “రోజూ వాక్యం అప్పజెప్పించుకునుడే!”

మధులత వెళ్లి దండెం మీది దుప్పట్లు తీసేసింది. గోడ అవతల ఇల్లు తాళం వేసి ఉంది.

ఈ ఇంటి బడికి టీచరు తానొక్కతే అనుకుంది. రెండో టీచరమ్మ వెళ్లిపోతుంటే గేటు దాకానైనా వెళ్లి సాగనంపలేదు.