రిమోటు సెట్ చేసేటాయన

"టీవీ రిమోటు మళ్ల పనిచేస్తలేదట. సదయ్యన్నకు ఫోన్ చెయ్యమంటున్నడు మామ" అంది శోభ.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతున్న ఆమె భర్త వీరేందర్‌కు ఒళ్లు మండింది.

"మొన్ననే కదా చేసి పోయిండు?"

శోభ నవ్వు ఆపుకుంది. రిమోటు పాడు కావడం లేదని, మామే పాడు చేస్తున్నాడని ఆమెకు తెలుసు.

వీరేందర్ తండ్రి గట్టయ్యకు కుడిచెయ్యి లేవదు. బొగ్గుబాయిలో దెబ్బ తగిలి ఆయన అన్‌ఫిట్ అని తేలితే, వారసుడిగా ఆ నౌకరీ వీరేందర్‌కు వచ్చింది. గోదావరిఖనిలో సగం ఇళ్ల కథ అదే. ఇక గట్టయ్యకు మిగిలింది మంచం, ఎదురుగా టీవీ.

ఆ టీవీకొక రిమోటు, డిష్ డబ్బాకొకటి, స్పీకర్లకొకటి. ఒంటిచేత్తో మూడింటితో వేగలేక ఆయన విసిరికొట్టేవాడు. చివరికి ఎక్కడి నుంచో ఒక నంబరు తనే తెచ్చి ఇచ్చి, మంచిర్యాల నుంచి సదయ్య అనే మెకానిక్‌ను పిలిపించాడు.

సదయ్య టీవీ వెనక నుంచి సన్నటి తీగ లాగి, దాని చివరున్న శనగగింజంత బుడిపెను డబ్బాకూ స్పీకర్లకూ ఎదురుగా అతికించాడు. టీవీలో వాటి కంపెనీల పేర్లు వెతికి నొక్కాడు. ఇక టీవీ రిమోటులో ఏది నొక్కినా, కంటికి కనిపించని వెలుగుతో ఆ బుడిపె డబ్బాకూ స్పీకర్లకూ కబురు పంపుతుంది.

ఒక్క రిమోటుకే ఇంటి పెత్తనమంతా వచ్చేసింది.

అక్కడితో ఆగితే బాగుండేది. వారం తిరక్కుండానే బుడిపె ఊడేది. దానంతట అది ఎందుకు ఊడుతుంది? గట్టయ్య గోడ పట్టుకుని లేచి, ఎడమచేత్తో పీకి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేవాడు.

సదయ్య వచ్చేవాడు. బుడిపె అతికించడానికి ఎంతసేపు? కానీ పొద్దుగూకేదాకా మంచం పక్కనే కూర్చునేవాడు. గట్టయ్య ఆయనతో పాత ముచ్చట్లన్నీ చెప్పేవాడు, పగలబడి నవ్వేవాడు.

వీరేందర్ కడుపుమంటంతా ఆ నవ్వు మీదే.

దవాఖానకు తిప్పేది తను, మందులు తెచ్చేది తను, స్నానం చేయించేది తను. తనతో "ఊ", "ఆ" తప్ప ఇంకో మాట లేదు. ముక్కూ మొహం తెలియని వాడొస్తే మాత్రం గల్లీకంతా వినపడేంత నవ్వు. ఒక్కసారి తనను చూసి అలా నవ్వితే చాలని వీరేందర్ ఆశ. ఇంత వయసొచ్చి ఆ మాట అడగడానికి సిగ్గు.

పట్టుబట్టి ఫోన్‌లో వీడియోలు చూసి ఆ పని తనే నేర్చుకున్నాడు. డబ్బా కంపెనీని ఎంచుకున్నాడు. సౌండు పెరిగిందా అని టీవీ అడిగితే అవునని నొక్కాడు. గోరుపెట్టి గీకినా రాకుండా బుడిపెకు గట్టి టేపు చుట్టాడు.

"ఇగో బాపు, ఇగ ఎవ్వన్నీ పిలిచే పనిలేదు."

గట్టయ్య ఆ టేపును చూసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు సదయ్య పిలవకుండానే వచ్చాడు. చేతిలో పండ్ల సంచి. వీరేందర్ గేటు దగ్గరే అడ్డం నిలబడ్డాడు. పైసలిస్తే తీసుకోడు, ఊరికే తిరుగుతాడు, ఏ ఆశ లేకుండా ఎవడొస్తాడు? ఇన్నాళ్లూ మనసులో ఉడికిందంతా కక్కేశాడు.

"మా బాపు పైసల మీద కన్నేసినవా ఏంది? ఇంకోసారి గడప తొక్కకు."

సదయ్య మొహం చిన్నబోయింది.

"ఒక్కసారి చూసి పోత తమ్మి. రేపు దుబాయ్ పోతున్న. మళ్ల ఎప్పుడొస్తనో."

"దుబాయ్ పోతె పో. ఎవలొద్దన్నరు?"

సదయ్య సంచి గేటుకు తగిలించి వెళ్లిపోయాడు. పీడ వదిలిందనుకున్నాడు వీరేందర్.

గేటు దగ్గరి మాటలన్నీ గట్టయ్య మంచం దాకా వినపడ్డాయి. ఆ రోజు నుంచి ఆయన టీవీ పెట్టలేదు. అన్నం కూడా ఏదో తిన్నాననిపించేవాడు. వీరేందర్ పక్కన కూర్చుని ఏవేవో కబుర్లు చెప్పబోయాడు. ముసలాయన పెదవి కదల్లేదు.

చివరికి వీరేందర్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

"నేనేం తక్కువ చేసిన బాపు? వాడు నీకేమైతడు?"

గట్టయ్య గోడ పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"నా పెద్దకొడుకు."

అప్పుడు చెప్పాడు. వీరేందర్ తల్లిని చేసుకోకముందు నస్పూర్‌లో తనకొక పెళ్లయింది. ఆమె పసిపిల్లవాణ్ని వదిలి చనిపోతే, వాడు అమ్మమ్మ దగ్గర పెరిగాడు. సవతి కొడుకు ఇంట్లో అడుగుపెట్టొద్దని వీరేందర్ తల్లి ఒట్టు వేయించుకుంది. అన్నాళ్లూ బయటే కలుసుకునేవాళ్లు, నిరుడు ఆమె పోయాకే ఇంటికి ఈ రాకపోకలు.

వీరేందర్ తండ్రి దగ్గరికి జరిగాడు.

"నాకొక్క మాట చెప్పకపోతివా?"

"చెప్దామన్న. ఆస్తి పంచుకోను వచ్చిండనుకుంటవని వాడే వద్దన్నడు."

వీరేందర్ తల దించుకుని ఫోన్ తీశాడు. సదయ్య నంబరు ఎన్నిసార్లు కలిపినా స్విచాఫ్ అనే వస్తోంది.

"ఈ వయసుల దుబాయ్ ఎందుకు పోయిండు బాపు? ఇక్కడ పనే దొరకకపాయెనా?"

"దొరికింది కొడుకా. నేను అన్‌ఫిట్ అయిననాడు పెద్దోడని నా నౌకరీ వానికే రావాల్సుండె. ‘నాకొద్దు, తమ్మునికియ్యి బాపు’ అని ఆ డ్యూటీ నీకిడిచి పోయిండు."