గిటారు మీద వరికంకి

కారు పూర్తిగా ఆగకముందే సూర్యరాజు దూకినట్టు దిగాడు.

"అయిపోయిందాండి?"

వంటింట్లోంచి రత్నమాణిక్యం చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "సాయంత్రం వస్తానన్నారు కదండి రాజుగారూ!"

"కచేరీ ముందుకు జరిపారండి. పొద్దుండగానే నేను తణుకులో స్టేజీ ఎక్కాలి."

సూర్యరాజుది భీమవరం దగ్గరి పల్లెటూరు. అన్నగారు పొలాలు చూసుకుంటారు. ఇతను ఆర్కెస్ట్రా కట్టి పెళ్లిళ్లలో పాడతాడు. రాజమండ్రిలో ఆమె భర్త జ్ఞానప్రకాశం చేత్తో గిటార్లు చేస్తాడని విని, ఒకటి కావాలని చెప్పి వెళ్లాడు. మెడ పొడవునా ముత్యపు చిప్పతో వరికంకి పొదగాలన్నాడు. పొలం వదిలేసి పాటలేంటని రోజూ దెప్పే తండ్రి ఇవాళ మొదటిసారి కచేరీకి వస్తున్నాడు. ఆయన కళ్లు ఆ కంకి మీద పడాలి.

జ్ఞానప్రకాశం కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద సూర్యరాజు నీడ పడగానే తలెత్తి నవ్వాడు.

"రండి రాజుగారూ, కూర్చోండి. కొస గింజలే మిగిలాయి."

మళ్లీ తల వంచేశాడు. గోరంత చిప్ప ముక్కను సన్నటి రంపంతో కోసి, ఆకురాయితో అంచులు గుండ్రంగా అరగదీశాడు. చెక్క మీద పెట్టి చుట్టూ సూదితో గీత గీశాడు. ఆ గీత లోపల ఉలితో గుంట తవ్వాడు. గింజ అందులో ఇమిడిపోయింది.

సూర్యరాజు కూర్చోలేదు. జ్ఞానప్రకాశం వెనక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఈ చిప్ప ఎక్కడిదండి?"

జ్ఞానప్రకాశం నోరు తెరిచేలోగా రత్నమాణిక్యం అందుకుంది. "కాకినాడ నుంచి తెప్పించామండి."

"జిగురు ఎంతసేపటికి ఆరుతుందండి మేస్త్రీగారూ?"

"ఎండగా ఉంది కదండి, తొందరగానే ఆరుతుంది," మళ్లీ ఆమే చెప్పింది. "పనిలో ఉన్నప్పుడు ఆయన్ని కదపకండి. ఏం కావాలన్నా నన్నడగండి."

సూర్యరాజుకు ఒళ్లు మండింది. చేసేది ఆయన, చెప్పేది ఈవిడానా? వీధి చివర కిళ్లీకొట్టువాడు ముందే చెప్పాడు. ఆ ఇంట్లో మొగుడికి నోరు లేదండి, ఆవిడ లేవనివ్వదు అని.

"కొంచెం మజ్జిగ ఇప్పిస్తారాండి?" అన్నాడు, ఆమెను కాసేపు వదిలించుకుందామని.

రత్నమాణిక్యం భర్త వంక చూసింది, సూర్యరాజు వంక చూసింది. కదలలేక కదలలేక లోపలికి వెళ్లింది.

సూర్యరాజు జ్ఞానప్రకాశం భుజం వెనగ్గా వంగి గొంతు తగ్గించాడు. "ఏంటండి మేస్త్రీగారూ, ఆవిడంటే మీకంత భయమా? మీకు చెప్పుకోవాలనుంటే నాతో చెప్పండి."

జ్ఞానప్రకాశం గరుకు కాగితంతో మెడను రుద్దుతూనే ఉన్నాడు. తల కూడా తిప్పలేదు.

పాపం, ఆవిడ పక్కన లేకపోయినా పెదవి విప్పడానికి జంకుతున్నాడు అనుకున్నాడు సూర్యరాజు.

అంతలోనే ఆమె వచ్చేసింది. తొందరలో సగం మజ్జిగ చీర మీదే ఒలికింది. వస్తూనే అరచేత్తో బల్ల మీద టపటపా కొట్టింది. జ్ఞానప్రకాశం ఉలిక్కిపడి తలెత్తాడు.

"ఇక తీగలు కట్టండి. రాజుగారికి టైమవుతోంది."

మొగుణ్ణి పిలిచే పద్ధతా ఇది! సూర్యరాజు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేశాడు.

తీగలు బిగించేటప్పుడు కూడా ఆవిడ ఊరుకోలేదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. జ్ఞానప్రకాశం తీగ మీటితే ఆమె వేలు పైకెత్తేది. అతను బిరడా తిప్పేవాడు. ఆమె వేలు దించేది. అతను కాస్త వదులు చేసేవాడు. చివరికి ఆమె అరచెయ్యి చూపిస్తే ఆపేవాడు.

సూర్యరాజు గిటారు అందుకుని వాయించాడు. నిండుగా పలికింది. వేళ్లు కంకి మధ్యకు రాగానే ఒక తీగ జుయ్యిమని గీరింది.

అతని మొహం మాడింది. "ఇదేంటండి! నాన్నగారి ముందు ఇలా పలికితే నా పరువేం కాను?"

జ్ఞానప్రకాశం అతని మొహం వంకే చూస్తున్నాడు. రత్నమాణిక్యం లేచి వచ్చి, తనే ఆ తీగ మీటి, కంకిలో ఒక గింజ మీద గోరు పెట్టింది. ఆ గింజ వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. జ్ఞానప్రకాశం తీగను పక్కకు తప్పించి, గింజను చెక్కతో సమంగా వచ్చేదాకా అరగదీశాడు.

సూర్యరాజు మళ్లీ వాయించాడు. ఈసారి ఏ తీగా గీరలేదు. పల్లవి అందుకుని కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి జ్ఞానప్రకాశం తీగల వంక కాకుండా తన మొహం వంకే చూస్తూ నవ్వుతున్నాడు.

"బ్రహ్మాండమండి! మావాళ్లకి ఇంకో రెండు చేసిపెట్టాలి."

గిటారు పట్టుకుని కారెక్కుతూ, వినబడితే వినబడనీ అన్నట్టు డ్రైవరు పెదబాబుతో అన్నాడు. "చెయ్యి బంగారంరా ఆయనది. ఆ గయ్యాళితో ఎలా వేగుతున్నాడో పాపం!"

గుమ్మంలో నిలబడ్డ రత్నమాణిక్యానికి వినబడింది. వీధి వీధంతా అనే మాటే. ఆమె లోపలికి వెళ్లి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, భర్త ఎదురుగా నిలబడింది.

"నచ్చిందట. ఇంకో రెండు కావాలట," అంది, పెదవులు మాత్రం కదుపుతూ.

కిందటేడు విషజ్వరం తగ్గినా, దాంతోపాటు పోయిన జ్ఞానప్రకాశం వినికిడి మాత్రం తిరిగి రాలేదని వాళ్లిద్దరికీ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.