కట్టి చూపించు

"కట్టి చూపించనిదే వేలు పెట్టేది లేదు," అంది పెద్దావిడ, రెండు చేతులూ వీపు వెనక దాచుకుని.

సేల్స్‌మాన్ చేతిలో వేలిముద్ర మిషను మిణుకుమిణుకుమంటోంది. సోఫా మీద అతని బ్యాగు నోరు తెరుచుకుని ఉంది. మోకాలి పట్టీలు, నడుం బెల్టు, మెడ పట్టీ, వేళ్ళు వంగకుండా చేతికి తొడిగే గట్టి తొడుగులు. అన్నీ కీళ్ళనొప్పుల వాళ్ళ కోసమే. పెద్దవాళ్ళకి అన్నీ ఉచితం. డబ్బు ప్రభుత్వ ఆరోగ్య బీమా కడుతుంది. కావలసిందల్లా ఒక్క వేలిముద్ర.

"పిన్నిగారూ, డబ్బా మీద బొమ్మ ఉంది. చూసి మీరే కట్టేసుకోవచ్చు."

"బొమ్మలో మనిషి మోకాలు పెన్సిల్లా ఉంది. నాది గుమ్మడికాయలా ఉంది. నువ్వే చూపించు."

"సరే, కాలిలా చాపండి, కడతాను."

"ఎవరో ఊరూపేరూ తెలియనివాడి చేత కాళ్ళు పట్టించుకోనా? నీ కాలికే కట్టుకో. చూసి నేర్చుకుంటాను."

కింది వాటాలో ముసలాయన అడగ్గానే వేలు పెట్టి, పైగా థాంక్స్ కూడా చెప్పాడు. ఈవిడేమో కొరకరాని కొయ్యలా దొరికింది. సేల్స్‌మాన్ నిట్టూర్చి, మిషను సోఫా మీద పెట్టి, ప్యాంటు మీంచే ఎడమ మోకాలికి పట్టీ బిగించుకున్నాడు.

"చూశారా? ఎంత హాయిగా ఉందో!"

"బానే ఉంది. కానీ నాకు నొప్పి కుడి మోకాలికి కదా!"

కుడికాలికీ కట్టాడు.

"రెండూ కట్టుకుంటే నడక వస్తుందా?"

నడిచి చూపించాడు. కర్రకాళ్ళ మీద నడుస్తున్నవాడిలా హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే, ఎదురింటి టైలరమ్మ తలుపు తోసుకుని వచ్చింది. కళ్ళు ఆనక కుట్టుపని మానేసింది గానీ, ఎవరి ఒంటి మీద ఏ గుడ్డ కనిపించినా ఆవిడ చేతులు ఊరుకోవు.

"అయ్యో, ఎవరు వదినా ఈయన? చిన్న వయసులోనే ఏం జబ్బు పాపం?"

"జబ్బు కాదు వదినా, అమ్మకం."

సేల్స్‌మాన్ మొహం విప్పారింది. ఒక ఇంట్లో ఇద్దరు! "అక్కయ్యగారూ, మీకూ బీమా కార్డు ఉందా?"

"ఎందుకు లేదూ? బీరువాలో భద్రంగా ఉంది."

అంతే, అతనికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. అడక్కుండానే నడుం బెల్టు తీసి చుట్టుకున్నాడు. టైలరమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "వదులు," అని తేల్చేసి, వెనక నుంచి ఒక్క లాగు లాగింది.

"అమ్మో! ఊపిరాడటం లేదండీ!"

"కొంచెం కొంచెంగా పీల్చు. కొత్తది కదా, వాడగా వాడగా సాగుతుంది."

మెడ పట్టీ కూడా ఆవిడే పెట్టింది. దాంతో అతని చూపు సీలింగు ఫ్యాను మీద స్థిరపడింది.

ఈలోగా పెద్దావిడ బల్ల పట్టుకుని, పళ్ళు బిగించి మెల్లిగా కుర్చీలో కూలబడింది. ఆ మూలుగు విని సేల్స్‌మాన్ ఫ్యాను వైపే చూస్తూ అడిగాడు.

"అంత నొప్పా పిన్నిగారూ?"

"రాత్రి పక్కకి తిరగాలంటే కళ్ళ నీళ్ళొస్తాయి."

"మరి వైద్యం?"

"మొదలుపెట్టారు. మధ్యలో ఆగిపోయింది."

ఎందుకాగిందో అతను అడగలేదు. "ఈ పట్టీ కట్టారంటే ఇక పరుగే పరుగు!" అన్నాడు.

"ముందు చేతుల సంగతి చూపించు. పొద్దున్నే వేళ్ళు ముడుచుకుపోయి కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేను."

ఒక చేతికి తొడుగు తనే తొడుక్కున్నాడు. రెండో చేతికి తొడగడానికి మొదటి చెయ్యి పనికిరాలేదు. టైలరమ్మ ముందుకొచ్చి, ముచ్చటగా తొడిగి, పట్టీలు వెనక్కి తిప్పి మరీ బిగించింది. అతని రెండు చేతులూ రెండు గరిటెల్లా తయారయ్యాయి.

"అద్దినట్టు సరిపోయాయి!" అని మెచ్చుకుంది.

"సంతోషమండీ. ఇక వేలు పెట్టేస్తే..." అంటూ సేల్స్‌మాన్ మిషను అందుకోబోయాడు. అది గరిటెల మధ్య నుంచి జారి సోఫా కిందికి దొర్లింది. వంగబోతే నడుం వంగలేదు. మోకాళ్ళూ వంగలేదు. తూలి, నిలువునా సోఫాలో పడి, మెత్తటి దిండ్లలో కూరుకుపోయాడు. కాళ్ళు రెండూ గాల్లో తిన్నగా నిలబడ్డాయి.

"పిన్నిగారూ, కాస్త ఇవి విప్పండి."

"ఎలా బాబూ? కట్టడమే చూపించావు. విప్పడం చూపించలేదుగా!"

"అక్కయ్యగారూ, మీరైనా..."

"నేను కుట్టడమే గానీ విప్పడం ఎరగను," అంది టైలరమ్మ, అతని పక్కనే తీరిగ్గా కూర్చుంటూ.

జేబులో ఫోను మోగింది. గరిటెలతో జేబు మీద కొట్టుకున్నాడే గానీ అది బయటికి రాలేదు. మోగి మోగి ఆగింది.

పెద్దావిడ బల్ల మీదున్న తన ఫోను దగ్గరికి లాక్కుని, వంకర్లు పోయిన వేలితో ఓపిగ్గా ఒక్కొక్క అంకే నొక్కింది.

"ఎవరికండీ? మెకానిక్కా?" అన్నాడతను ఆశగా.

ఆవిడ ఆగమన్నట్టు చెయ్యి చూపించి, ఫోనులో గట్టిగా మాట్లాడింది.

"హలో, ఆరోగ్య బీమా ఆఫీసేనా? పోయిన నెల పార్కులో ఉచిత పరీక్ష అని చెప్పి నా వేలిముద్ర పట్టుకుపోయి, నాకు చక్రాల కుర్చీ ఇచ్చినట్టు మీకు బిల్లు పెట్టి, నా బీమా డబ్బంతా ఊడ్చేసి, నా వైద్యం ఆగిపోయేలా చేసిన పెద్దమనిషి నా మొహం గుర్తుపట్టక ఇవాళ మా ఇంటికే వచ్చాడు. కంగారుగా పరిగెత్తుకు రానక్కర్లేదు నాయనా, భోంచేసి నెమ్మదిగా రండి, తనని తనే కట్టేసుకున్నాడు!"