ఒక్క పశువుకైనా జ్వరం

ఒక్క పశువుకైనా జ్వరం రావాలని మా ఆయన వారం రోజులుగా ఎదురుచూస్తున్నారు.

వానలనూ దోమలనూ మందలనూ కంప్యూటర్లో కలిపి, ఈ నెలలో దోమల జ్వరంతో పశువులు కూలిపోతాయని లెక్క తేల్చింది ఆయనే. అధికారులు హడలిపోయి ఊరంతా టీకాలు వేయించారు. ఒక్క ఆవూ తుమ్మలేదు. ఇప్పుడు ఆఫీసులో ఆయన్ని "జోస్యంగారూ" అని పిలుస్తున్నారు. ఉద్యోగం ఊగుతోంది.

"టీకాల వల్లే రాలేదని చెప్పండి," అన్నాను.

"రుజువేదీ అంటున్నారే. టీకా పడనిది ఒక్కటుంటే తేలిపోయేది."

అంతలో పెరట్లోంచి అత్తగారి కేక. "ఒరే, మన ఆవు ఒళ్ళు కాలిపోతోందిరా! వణికిపోతోంది!"

"చూశావా! నేను చెప్పలా!" అంటూ ఆయన కుర్చీలోంచి లేచి గంతేశారు. గంతు మధ్యలోనే మొహం పాలిపోయింది. పెరట్లోకి ఉరికారు. "అమ్మా, దీనికి టీకా వేయించావు కదా?"

"వాళ్ళొస్తే నేనే పొమ్మన్నానురా. రెండో ఎక్కం రాక ఏడ్చినవాడివి, నీ లెక్క నమ్మి దాన్ని సూదితో పొడిపించనా?"

ఆయన చెప్పులైనా వేసుకోకుండా డాక్టరు కోసం పరుగెత్తారు.

అత్తగారు ఆవు మెడ కావలించుకుని, "మావాడి లెక్క రైటే," అని బావురుమన్నారు. ఆ మాట కోసం చిన్నప్పటి నుంచీ కాచుకున్న మనిషి అప్పటికే వీధి మలుపు దాటిపోయారు.