యుద్ధం అయ్యాక

యుద్ధం ముగిసిన నాలుగో రోజున ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటరూ అతని భార్యా విడాకుల కాగితం మీద సంతకాలు పెట్టడానికి సర్కారు కచేరీకి వెళ్ళారు.

పెళ్ళయినవాళ్ళను సైన్యంలోకి తీసుకోరని అతను, తలదాచుకోవడానికి ఒక గది దొరుకుతుందని ఆమె, మూడేళ్ళ కిందట పెళ్ళాడారు. యుద్ధం అయ్యాక ఎవరి దారి వాళ్ళదని అప్పుడే అనుకున్నారు.

గుమాస్తా కలం సిరాలో ముంచాడు. "కొడతాడా అమ్మా?"

"లేదండీ."

"తాగుతాడా?"

"అబ్బే, లేదు."

"మరి కారణం ఏమని రాయను?"

"యుద్ధం అయిపోయిందని రాయండి."

గుమాస్తా ఏదో రాసి, కాగితాన్ని అతని ముందుకు తోశాడు. అతను దాని మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"అక్షరాలు ఆనడం లేదండీ. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాను."

ఆమె అతని వైపు తిరిగింది. కళ్ళజోడు అతని చొక్కా జేబులోనే ఉంది.

"అవునండీ," అంది గుమాస్తాతో. "బల్ల మీదే పెట్టేసి వచ్చారు. రేపు తెస్తాం."

"రేపు కచేరీకి సెలవు."

"పోనీలెండి, మాకేం తొందర లేదు," అంటూ ఆమే ముందు లేచింది.